నగారాలో ఎలుక

రక్తం ఇవ్వడానికి ఆసుపత్రికి పోయిన హుస్సేన్‌పీరా ఇవ్వకుండానే తిరిగొచ్చాడు. ఒంట్లో హెపటైటిస్-బి ఉందన్నారు. పుడుతూనే తల్లి నుంచి వచ్చి ఉంటుందన్నారు.

డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. "ఆ క్రిమి నీ కాలేయంలో కాపురం పెట్టింది. నీ ఒంటి కాపలా చూసీ చూడనట్టు ఊరుకుంది. ఆ కాపలా కత్తి దూస్తే తెగేది నీ కాలేయమే. అలాంటిది మొదలైతే మందులున్నాయి. ఆరు నెలలకోసారి వచ్చి పరీక్ష చేయించుకో. కలిసి తిన్నంత మాత్రాన ఎవరికీ అంటదు."

ఇన్ని మాటల్లో 'ఊరుకుంది' అన్న ఒక్క మాటే అతని చెవికెక్కింది. మనిషి బుద్ధి అంతే, గుచ్చుకునేదాన్నే ఏరుకుంటుంది.

అతను ఉండేది ఒక దర్గాలో. అక్కడ బాబా, శిష్యులు ఒకే పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. హుస్సేన్‌పీరా మాత్రం ఆ రోజు నుంచి విస్తరాకు పట్టుకుని గోడవారకు పోయాడు. రెండురోజులు చూసి, బాబా పళ్లెం దగ్గర నుంచి లేచి వచ్చాడు. అతని పక్కన కూర్చుని, ఆ ఆకులోంచే ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.

హుస్సేన్‌పీరాకు ఏడుపు ఆగలేదు. "అంటుతుందని కాదు బాబా, సిగ్గేస్తోంది. శత్రువు ఇంట్లో చేరితే చెయ్యెత్తని పిరికి ఒళ్లు ఇది. దీనికి పరీక్షలెందుకు, మందులెందుకు? నేను ఎటైనా పోతా. మీ సేవకు పనికిరాను."

బాబాకు ఈ శిష్యుడంటే ప్రాణం. అయినా పోవద్దని అనలేదు. మరునాడు పొద్దున అతన్ని నగారా దగ్గరికి పిలిచాడు.

బాబా గురువు కాలం నాటి నగారా అది. దాన్ని మోగించేదీ, వానాకాలంలో తోలు సడలకుండా సెగ చూపించేదీ హుస్సేన్‌పీరానే. అడుగున చిల్లు పడి, అందులోంచి లోపలికి ఎలుక దూరింది. పొగ పెట్టి చూశారు, ఒరిగించి తట్టి చూశారు. బయటికి రాలేదు.

బాబా ఒక ఇనుప చువ్వ అతని చేతికిచ్చాడు. "దాన్ని పొడిచెయ్."

హుస్సేన్‌పీరా ఎడమచెయ్యి తోలు మీద ఆనించాడు. లోపల గోళ్లు గీసుకుంటూ ఎలుక అటూ ఇటూ పోతోంది. చివరికి లోపలి నుంచే తోలు దాకా ఎగబాకి, సరిగ్గా అతని వేళ్ల కింద ఆగింది. చువ్వ ఎత్తాడు. ఎత్తినవాడు మెల్లగా దించేశాడు.

"ఏం బేటా, దొరకలేదా?"

"దొరికింది బాబా."

"మరి?"

"తోలు చిరుగుతుంది."

"పిరికివాడివా?"



బాబా అతని చేతిలోని చువ్వ తీసుకుని గోడకు ఆనించాడు. "రోజూ పొద్దున తోలు తడిమి చూద్దాం. కొరకడం మొదలెడితే, అప్పుడు చెయ్యాల్సింది అప్పుడు చేద్దాం."

హుస్సేన్‌పీరా తోలు మీది చెయ్యి తీసి, కుడివైపు పక్కటెముకల కింద, కాలేయం మీద పెట్టుకున్నాడు. ఈ నాలుగు రోజులూ తిట్టిపోసిన చోటు అది. పసిబిడ్డ కడుపు నిమిరినట్టు నిమిరాడు.

"ఆరు నెలలకు రమ్మన్నారు బాబా," అన్నాడు.

"పోదాం," అన్నాడు బాబా.