ఖాళీ గూటి ధర

గానుగ కుర్రవాడి దగ్గర మొదట ఆరు వందల నలభై కాసులు ఉండేవి. అందులో సగం అతని అక్కవి. ఆ సొమ్ము ఒక ఎద్దు కోసం దాచింది. వాళ్ళ ఎద్దు ముసలిదైపోయింది. నువ్వులు పోసిన గానుగను సగం పూట తిప్పి, మిగతా సగం పూట నిలబడి ఆలోచించేది.

అది నూనెల ఊరు. సంత మైదానం చుట్టూ గానుగలే. ఒక వేసవిలో ఎవరో ఒక మనిషి వచ్చి మైదానం నడుమ రాతిగోడ కట్టాడు. గోడలో రెండు వేల వంద గూళ్ళు. గూటికో ఇనుప తలుపు, తలుపుకో తాళం. తాళంచెవులు గోడకే కొక్కేలకు తగిలించాడు. గూళ్ళన్నీ తెరిచి ఊరందరికీ చూపించాడు. ఏ గూట్లోనూ ఏమీ లేదు. అన్నీ మళ్ళీ మూసేశాడు.

గోడ పక్కన ఎత్తుగా ఒక రాయి నాటి, దానికి కేకరాయి అని పేరు పెట్టి, నియమాలు చెప్పాడు. ఇక మీద ఒక్క గూడు కూడా పెరగదు. గానుగెద్దు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా గానుగవాడు పది గవ్వలు ఒకసారి వెయ్యాలి. పదీ వెల్లకిలా పడితే ఒక తాళంచెవి అతనిది. తిరిగే ఎద్దులు రెట్టింపైనప్పుడల్లా ఒక గవ్వ పెరుగుతుంది.

తాళంచెవి చేతులు మారాలంటే ఇద్దరూ కేకరాయి ఎక్కాలి. అమ్మేవాడు ముందుగా గూటి అంకె చెప్పి "ఇచ్చాను" అనాలి, కొనేవాడు "పుచ్చుకున్నాను" అనాలి. విన్నవాళ్ళందరూ ఎవరి ఇంటి గోడ మీద వాళ్ళు గీత గీసుకోవాలి. కేక పడని తాళంచెవి ఉత్త ఇనుము. పడ్డ కేకను వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

"నీ పేరేమిటి?" అని ఊరివాళ్ళు అడిగారు.

"పేరుతో పనేముంది? నియమాలు విన్నారు కదా," అన్నాడు. తెల్లవారేసరికి అతను లేడు.

మైదానం మూల ఉప్పు అమ్మే అవ్వ ఒకామె ఉండేది. గోడవైపు చాలాసేపు చూసి, గానుగ కుర్రవాణ్ణి పిలిచింది.

"లోపల ఏముంది నాయనా?"

"ఏమీ లేదవ్వా."

"మరి తాళమెందుకు?"

"ఆ ఏమీ లేనిదాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా."

అవ్వ తల ఊపి, వచ్చినవాళ్ళకు ఉప్పు కొలవడం మొదలుపెట్టింది.

కుర్రవాడు లెక్కల్లో చురుకైనవాడు. గవ్వ పడితే వెల్లకిలా పడాలి, లేకపోతే బోర్లా పడాలి. పదీ వెల్లకిలా పడటం వెయ్యిన్ని ఇరవై నాలుగు సార్లకు ఒకసారి. నువ్వులు పోస్తే ఎద్దు రోజుకు అయిదు వందల చుట్లు తిరుగుతుంది. ఖాళీ గానుగైతే వెయ్యి తిరుగుతుంది. అంటే రోజుకో తాళంచెవి. అతను పరుగున అక్క దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా, కొత్త ఎద్దును ఖాళీ గానుగకు కడదాం."

"ఖాళీగా తిప్పితే రోకలి రోలును తినేస్తుందిరా."

"తిననీ. కొత్త రోలు కొందాం."

"దేనితో?"

"తాళంచెవితో."

"రోలు చెక్కేవాడు తాళంచెవి తీసుకుంటాడా?"

"తీసుకుంటాడు. అందరూ తీసుకుంటారని అందరూ అనుకుంటే అందరూ తీసుకుంటారు."

"అనుకోకపోతే?"

ఆ ప్రశ్నలో అంకె లేదు. అందుకని కుర్రవాడు దాని లెక్క వెయ్యలేదు.

అక్క ఒక మాట మీద ఒప్పుకుంది. కొత్త పంట నువ్వులు దిగేదాకా ఎద్దు అతనిది. దిగాక నువ్వుల గానుగది. ఆరు వందలు పెట్టి ఎద్దును కొన్నారు. మిగిలిన నలభై గడ్డికీ చిట్టుకూ పోయాయి. కుర్రవాడు పక్క గానుగ అద్దెకు తీసుకుని, ఎద్దు కళ్ళకు గంతలు కట్టి తిప్పాడు. మొదటి రోజు ఏమీ పడలేదు. రెండో రోజు రెండు తాళంచెవులు పడ్డాయి. లెక్క సరిపోయింది.

అప్పటికి గోడ కోసం తిరిగే ఎద్దులు నాలుగే. ఇంకో గానుగవాడు తనకు పడ్డ మొదటి తాళంచెవిని కుమ్మరికిచ్చి రెండు కుండలు తీసుకున్నాడు. ఊరు నవ్వింది. వానలు మొదలయ్యేసరికి తాళంచెవి ధర రెండు వందలైంది. ఆ గానుగవాడు ఇప్పటికీ ఆ కుండల్లో నీళ్ళే తాగుతాడు. తాగేటప్పుడు గుక్కకు ఎంత పడిందో లెక్కపెట్టుకుంటాడు.

నాలుగు ఎద్దులు ఎనిమిదయ్యాయి, తర్వాత పదహారు, చివరికి అరవై నాలుగు. గవ్వలు పద్నాలుగయ్యాయి. నాలుగు ఎద్దులు తిరిగిన రోజుల్లో ఊరికి రోజుకు నాలుగు తాళంచెవులు దక్కేవి. అరవై నాలుగు తిరుగుతున్నా దక్కేది నాలుగే. ఈ సంగతి ఊళ్ళో అందరికంటే ముందు కుర్రవాడికే తెలిసింది. తెలిసిన రోజున ఎద్దును ఇంకో గంట ఎక్కువ తిప్పాడు.

నువ్వులు లేని రోళ్ళూ రోకళ్ళూ ఒరుసుకుని పొగలు కక్కాయి. వాటిని చల్లార్చడానికి గంటకో గరిటెడు నూనె పోశారు. నూనెల ఊరికి నూనె పొరుగూరి నుంచి బండ్ల మీద వచ్చింది.

ఒకనాడు రాజుగారి షరాబు వచ్చి గోడ చుట్టూ ఒకసారి తిరిగాడు.

"దీన్ని దొంగలు వాడుతున్నారట," అన్నాడు.

"దొంగలు కాసులు కూడా వాడతారు షరాబుగారూ. ఇక్కడైతే ఎవరు ఎవరికిచ్చినా ఊళ్ళో ప్రతి గోడ మీదా గీత పడుతుంది," అన్నాడు కుర్రవాడు.

"పేరుతోనా?"

"గూటి అంకెతో. ముఖానికి గుడ్డ కట్టుకుని కేక వెయ్యకూడదని నియమం లేదు."

"అంకెను కొట్లో పెట్టి తాళం వెయ్యలేను కదయ్యా."

"గోడల మీద గీతలు చెరిపించండి మరి."

షరాబు ఊరి గోడలన్నీ చూశాడు. సున్నం ఖర్చు అంచనా వేసుకున్నాడు. తన కచేరీలో మాత్రం ఎవరూ తాళంచెవి ముట్టకూడదని ఉత్తరువు రాసి వెళ్ళిపోయాడు. ఉత్తరువు వచ్చిన రోజు ధర నాలుగో వంతు పడిపోయింది. ఎందుకు పడిందో వివరించి చెప్పేలోపు అంతకంటే పైకి పోయింది.

నేతగాడి తాళంచెవి ఏట్లో పడిపోయింది. ఊరంతా అతని ఇంటికి వెళ్ళి ఓదార్చింది. తిరిగి వస్తూ, ఇక ఆ గూడు తెరుచుకోదు కాబట్టి మిగతా గూళ్ళకు విలువ పెరిగిందని సంతోషించింది. నేతగాడు మళ్ళీ మగ్గం ఎక్కలేదు. ఏటి ఒడ్డునే కూర్చునేవాడు.

ఉప్పు అవ్వ మాత్రం ప్రతి సంతకూ అదే అడిగేది.

"లోపల ఏదైనా వచ్చిందా నాయనా?"

"రాదవ్వా. రాకపోవడమే దాని గొప్ప. నువ్వు కూడా ఒకటి తీసుకో."

"నా ఉప్పు కొన్నవాడు ఇంటికెళ్ళి కూరలో వేసుకుంటాడు. దీన్ని కొన్నవాడు ఏం చేస్తాడు?"

"ఇంకొకడికి అమ్ముతాడు."

"వాడు?"

"వాడూ అంతే."

"పోనీలే. అందరికీ పని దొరికింది," అనేది అవ్వ.

ఆ ఏడు రాజుగారికి సరిహద్దులో యుద్ధం వచ్చింది. ఖజానాలో సొమ్ము చాలలేదు. టంకసాలలో పాత కాసులు కరిగించి, రాగిలో సీసం కలిపి, ఒక్కో కాసును రెండు చేశారు. రాజుగారి బొమ్మ మాత్రం మునుపటిలాగే చక్కగా ఉంది. సంతలో అన్నిటి ధరా రెట్టింపైంది. కుర్రవాడు అక్కకు ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పాడు.

"చూశావా? గోడకు రాజు లేడు. ఎవరూ గూడు కలపలేరు."

"గోడకు రాజు లేడు, గానుగకు నువ్వులు లేవు," అంది అక్క. "ముద్ద కలుపు. నూనె లేదు, ఊరగాయ ఎండిపోయింది. నీళ్ళు చల్లుకో."

అప్పటికి కుర్రవాడి మొలతాడుకు తొమ్మిది తాళంచెవులు ఉన్నాయి. ఒక్కటీ అమ్మలేదు. నడిస్తే చప్పుడయ్యేవి.

ముసలి ఎద్దు వానల్లో పోయింది. తర్వాత కొత్త పంట నువ్వులు దిగాయి. గానుగ ఆడి నూనె ఇస్తారన్న నమ్మకం మీద రైతులు బండ్లు తోలుకొచ్చి అక్క ఇంటి నిండా పోశారు. మాట ప్రకారం ఆమె ఎద్దు కోసం వచ్చింది. ఎద్దు మెడ మీద తోలు లేదు. కాడి విప్పగానే నేల మీద కూర్చుంది. గంతలు తీసి చూశారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. లేవలేదు.

అక్క దాని వీపు మీద చెయ్యి వేసి కాసేపు కూర్చుంది.

"పక్షం దాటితే నువ్వులకు పురుగు పడుతుంది," అంది. "పురుగు పడితే రైతులు గానుగ ఊడబెరుక్కుని పోతారు. ఎద్దు కావాలి తమ్ముడూ. నువ్వే చూడు."

కుర్రవాడు ఎద్దులవాడి దగ్గరికి వెళ్ళాడు.

"పదమూడు వందలు," అన్నాడు ఎద్దులవాడు. "కాసులే ఇవ్వాలి."

"తాళంచెవి ధర కూడా ఇవాళ పదమూడు వందలే కదా మామా."

"ఎందుకు కాదు? నా దగ్గరే పదకొండున్నాయి. నువ్వు కొంటావా?"

కుర్రవాడు కుమ్మరి దగ్గరికి వెళ్ళాడు. రోలు చెక్కేవాడి దగ్గరికి వెళ్ళాడు. ధర ఎంత అని అడిగితే అందరూ ఒకే అంకె చెప్పారు. కొంటారా అని అడిగితే, మేము అమ్మేవాళ్ళం కాదు కదా, ఇంక కొనడమెందుకు అన్నారు. ఆలోచిస్తే, కేకరాయి మీద కేక పడి చాలా రోజులైందని అతనికి తట్టింది.

అతను గోడకు ఆనుకుని లెక్క వేశాడు. ఏట్లో పోగొట్టుకున్న నేతగాణ్ణి పక్కన పెడితే, ఊళ్ళో తాళంచెవి లేనివాళ్ళు ముగ్గురు. షరాబు ఉత్తరువు రాసినవాడు, కొనడు. అక్క దగ్గర కాసులు లేవు. ముగ్గురిలోంచి ఇద్దర్ని తీసేస్తే ఎంత మిగులుతుందో ఎవరైనా చెప్పగలరు.

మిగిలిన మనిషి తనంతట తానే వస్తూ కనిపించింది. ఉప్పు తట్ట నెత్తి మీద లేదు. చేతిలో ఒక మూట ఉంది.

"నాయనా, నువ్వు లెక్కల్లో గట్టివాడివి. నాకొకటి ఇయ్యి," అంది ఉప్పు అవ్వ.

"ఇన్నాళ్ళూ వద్దన్నావు కదవ్వా."

"పదమూడు వందలు దాచాను, ఉప్పుమడికి గట్టు వేయించుకుందామని. రాజు నా మూటలో చెయ్యి పెట్టకుండానే సగం తీసుకున్నాడు. మూట విప్పి చూస్తే కాసులన్నీ ఉన్నాయి, గట్టు మాత్రం సగమే వస్తుందిట. ఇంకో ఏడాదికి ఆ సగమూ ఉండదు."

కుర్రవాడు ఆమె మూట చూశాడు. ఒక ఎద్దు, ఒక తాళంచెవి, ఒక మూట. ఆ ఉదయం మూడింటి ధరా ఒకటే.

"లోపల ఏముందో అడగవా?" అన్నాడు.

"అడిగి అడిగి విసుగొచ్చింది. నేను అడిగినన్నాళ్ళూ ధర పెరుగుతూనే ఉంది."

అక్క కూడా మైదానంలోకి వచ్చింది. కొంచెం దూరంలో నిలబడింది. నువ్వుల దుమ్ము ఆమె చీర మీద తెల్లగా ఉంది.

కుర్రవాడు మొలతాడు నుంచి ఒక తాళంచెవి విప్పాడు. గోడ దగ్గరికి వెళ్ళి ఆ అంకె గల గూడు తెరిచాడు. గోడ కట్టినవాడు వెళ్ళాక ఊళ్ళో ఒక గూడు తెరుచుకోవడం అదే మొదలు. బందులు కీచుమన్నాయి.

"చెయ్యి పెట్టి చూడవ్వా. ఊరికే నా మాట మీద కొనొద్దు."

అవ్వ చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా పోనిచ్చింది. లోపల నాలుగు మూలలూ తడిమింది.

"చల్లగా ఉంది," అంది.

"ఇంకేమీ లేదు కదా?"

"లేదు."

ఆమె చెయ్యి బయటికి తీసింది. రెండో చేతిలో ఉన్న మూటను ఆ గూట్లో పెట్టింది. బాగా లోపలికి తోసింది. తలుపు మూసి, కుర్రవాడి చేతిలో ఉన్న తాళంచెవిని అతని చేత్తోనే తిప్పించింది. తాళం పడింది.

"ఇప్పుడుంది," అంది అవ్వ. "ఇక తాళంచెవి నాకియ్యి. నీ డబ్బు నువ్వు తీసుకో."

కుర్రవాడు లెక్క వేశాడు. తాళంచెవి ఇస్తే డబ్బు తనకు అందదు. డబ్బు తీసుకుంటే అవ్వ కొన్న గూట్లో ఏమీ ఉండదు. మళ్ళీ వేశాడు. ఏ వైపు నుంచి వేసినా, మూట ఒకటే, మనుషులు ఇద్దరు.

ఎద్దులవాడు తన పదకొండూ గలగలలాడిస్తూ గోడవైపు వచ్చాడు. కుమ్మరి వచ్చాడు. రోలు చెక్కేవాడు సుత్తి కింద పెట్టి వచ్చాడు. చాలా రోజుల తర్వాత ఒక కేక వినబోతున్నామని ఊరంతా బొగ్గుముక్కలు చేతపట్టుకుని ఎవరి గోడల దగ్గర వాళ్ళు నిలబడ్డారు.

"ముందు అమ్మేవాడు కదూ ఎక్కాలి?" అని అడిగింది అవ్వ.

"అవునవ్వా," అని, కుర్రవాడు కేకరాయి మీద కుడికాలు పెట్టాడు.