సున్నా పక్కన సున్నా

"నా పెనిమిటి ఆకరి మాట మింగేసిన పెట్టి ఏదిరా, ఢిల్లీ?"

నూకాలమ్మ కేక వీధి చివరిదాకా వినపడింది. ఆ రోజు ఆవిడ భర్త పోలయ్య పెద్దకర్మ. పందిట్లో విస్తళ్లు వేసి ఉన్నాయి గానీ, ఆవిడ కూర్చోందే మేమెలా కూర్చుంటాం చెప్పండి?

పోలయ్య మా వీధి నెట్ ఆఫీసులో తీగలు లాగిన మనిషి. ఆస్పత్రి మంచం మీంచి పెళ్లానికి వీడియో కాల్ చేశాడు. పెదాలు కదిలాయట, మాట రాలేదట. మర్నాటికి మనిషి లేడు.

ఢిల్లీ అంటే ఢిల్లేశ్వరరావు, అదే ఆఫీసులో పని నేర్పే కరీముల్లా మాస్టారి శిష్యుడు. కాల్స్ అన్నిటికన్నా ముందు వెళ్లాలని రౌటర్ పెట్టెలో వేరే వరస పెట్టింది ఢిల్లీయే. ఆ వరసలో దారిలో రాలిపోయిన మాటల ముక్కల్ని లెక్కపెట్టే కౌంటరు కూడా ఉంటుంది లెండి. ల్యాప్‌టాప్ తెచ్చి అదే చూపించాడు.

"చూడత్తా, రాలినవి సున్నా. మా దగ్గర ఒక్క మాటా పోలేదు. మావయ్యే మాట్లాడి ఉండడు."

నూకాలమ్మ కేకలు ఆగిపోయాయి.

"అయితే నాతో ఏటీ చెప్పకుండానే పోనాడన్నమాట," అంది.

నేను పందిరి గుంజ వైపు తిరిగిపోయాను.

మాస్టారు లేచారు. బంతి చివర ఉన్న విస్తరి తెచ్చి ఢిల్లీ ముందు పెట్టారు.

"దీంట్లో ఎన్ని మెతుకులు పారేశారు?"

"ఒక్కటీ లేదు మాస్టారూ. అసలు వడ్డిస్తేగా..." అని ఢిల్లీ ఆగిపోయాడు.

ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు. 'రాలినవి' పక్కన ఇంకో గడి ఉంది, 'వచ్చినవి' అని. అక్కడా సున్నాయే. కాల్స్‌ని ఆ వరసలోకి మళ్లించే గుర్తు వెయ్యడం మరిచిపోయాడు. వరస పెట్టిన నాటినుంచీ ఒక్క కాల్ కూడా అందులోకి రాలేదు. అన్నీ మామూలు వరసలో, జనం చూసే సినిమాల మధ్య నలుగుతూ వెళ్లాయి. ఆ మామూలు వరస కౌంటరు చూశాడు. రాలినవి వేలల్లో ఉన్నాయి.

ల్యాప్‌టాప్ మూసేశాడు.

"అత్తా, మాట పోయింది మా దగ్గరే. మావయ్య చెప్పే ఉంటాడు. తప్పు నాది."

"ఏటి చెప్పుంటాడ్రా?"

"అది ఏ గడిలోనూ లేదత్తా," అన్నాడు ఢిల్లీ.

నూకాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ విస్తరినే పరిచి, రెండు చుక్కలు నీళ్లు చల్లింది.

"కూకో. పొద్దుట్నించీ నువ్వూ తిన్లేదు."

తను పక్కనే కూర్చుంది. అప్పుడు అందరం కూర్చున్నాం.