చలికి మూసుకునే మూత

మోటారు కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో దావూద్ అనే మెకానిక్ ఓ జమీందారు కారు ఇంజనులో నీళ్ల దారికి మూతలాంటి థర్మోస్టాట్ బిగించాడు. మర్నాడు పొద్దున ఇంజను నడుస్తున్నా రేడియేటర్ గొట్టం చల్లగానే ఉండటం చూసి, జమీందారు అతన్ని తన గదికి పిలిపించాడు.

"నీళ్లకు మూత అడ్డం పెట్టి నా ఇంజను కాల్చేద్దామనుకున్నావా? ఠాణాకు పంపిస్తా!"

దావూద్ కిటికీలన్నీ బార్లా తెరిచాడు. చలిగాలి రివ్వున కొట్టింది.

"మూయరా! గది వెచ్చబడనీ" అని అరిచాడు జమీందారు.

"మధ్యాహ్నం ఉక్కపోస్తేనో, దొరా?"

"అప్పుడు నౌకర్లు తెరుస్తారు."

"ఆ మూతా అంతే దొరా. ఇంజను వెచ్చబడేదాకా మూసుకునే ఉంటుంది. వేడెక్కాక తెరుచుకుని, నీళ్లను చల్లబరచడానికి రేడియేటర్‌కు పంపుతుంది. ఇంజను ఆపలేదుగా, ఇప్పుడు చూడండి."

జమీందారు వెళ్లి గొట్టం ముట్టుకుని, చటుక్కున చెయ్యి లాక్కున్నాడు.

"అయితే దీనికి నౌకరు కూడా అక్కర్లేదన్నమాట!" అని పకపకా నవ్వాడు.

దావూద్ హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు.