ఎండకి చచ్చిన చుక్క

ఆ వేసవి వాగు అవతలి గట్టు మీద కోళ్లకి తెగులు దిగింది. మెడలు వంకరపోయి, గిరగిరా తిరిగి పడి చస్తున్నాయి పాపం. ఇవతలి గట్టున పూల పెట్టకి కంటిమీద కునుకు లేదు. దానికున్నవి నాలుగే పిల్లలు. మిగతా గుడ్లన్నీ తెగులు రాకుండా వేసే మందు తయారీకి ఇచ్చేసింది మరి! ఆ మందు కోడిగుడ్డులోనే పెరుగుతుందట. "గుడ్లిచ్చినవాళ్ల పిల్లలకే ముందు చుక్క" అని సింహం దొర సర్కారు చాటింపు వేయిస్తే నమ్మింది.

మందు తయారైంది. కొంగ డాక్టరు దాన్ని మంచు నింపిన కుండలో పెట్టుకుని పొద్దున్నే వచ్చాడు. పెట్ట పిల్లల్ని వెంటేసుకుని పరుగెత్తింది.

"డాక్టరుగారూ, వేసెయ్యండి బాబూ, కంట్లో తలా ఒక చుక్క!"

"ఆగవమ్మా, ఏమిటా తొందర?" అంటూ నక్క మంత్రి అడ్డొచ్చాడు. "తొలి చుక్క దొరవారి చేతిమీదుగా పడాలి. పందిరి వేశాం, దండ తెప్పించాం, కనబడట్లా?"

"మంచు కరిగితే మందు పనికిరాదండీ," కొంగ నసిగాడు.

"దొరకంటే మందెక్కువా? ఉద్యోగం బరువైందా నీకు?"

కొంగ ముక్కు దించుకున్నాడు.

దొర వేట, భోజనం, కునుకు అన్నీ కానిచ్చి పొద్దువాలాక వేంచేశాడు. అప్పటికి కుండలో మంచు లేదు, గోరువెచ్చటి నీళ్లే. "మందు చచ్చిపోయిందండీ," అని కొంగ మంత్రి చెవిలో గొణిగాడు.

"నోర్ముయ్. చుక్క చుక్కే. ఎవరికి తెలుస్తుంది?"

పెట్టకి తెలీలేదు. పిల్లల కళ్లల్లో చుక్కలు పడగానే, చప్పట్ల మధ్య దొరకి దణ్ణం పెట్టి ఆనందంతో ఏడ్చింది. ఇంక భయమేముందని, అన్నాళ్లూ దాచుకున్న పిల్లల్ని వాగుగట్టు మేతకి వదిలేసింది, పిచ్చితల్లి.

వారం తిరక్కుండానే ఒకదాని మెడ వంకరపోయింది. దాని వెనకే మిగతావీ. ఆఖరిదాన్ని రెక్క కింద పెట్టుకుని కూర్చుంది, అది చల్లబడేదాకా. అప్పుడొచ్చి కొంగ నిజం చెప్పాడు.

"ఆ పూటే చెప్పుంటే గట్టుకి వదిలేదాన్ని కాదు కదయ్యా!" అని పెట్ట రెక్కలు కొట్టుకుంటూ ఏడ్చింది.

కొన్నాళ్లకి నక్క బుట్ట పట్టుకుని వచ్చాడు. "పథకం బ్రహ్మాండమమ్మా! చుక్క పడని పిల్ల లేదని దొరవారికి చెప్పేశాను. వచ్చే ఏటి మందుకి గుడ్లు కావాలి."

"ఎవరి పిల్లల కోసమయ్యా?" అంది పెట్ట.

నక్క చుట్టూ చూశాడు. గట్టు పొడుగునా ఒక్క పిల్ల కూతైనా లేదు. ఖాళీ బుట్టతోనే వెనక్కి తిరిగాడు.

మందు చేయించగానే సర్కారు పని అయిపోదు, అది చావకముందే పిల్ల కంట్లో పడాలి.