గోడెక్కిన వాగ్దానాలు

ఉప్పుటేరు పక్కన మేటదిబ్బ అనే పల్లెలో, ఏ పని ఎదురైనా "ప్రార్థన చేద్దాం" అనేసి ఆ పనిని ఉన్నచోటే వదిలేసే దేవసహాయం అనే సంఘపెద్ద ఉండేవాడు.

ప్రార్థన తప్పని నేననడం లేదు. అతను నిజంగానే చేసేవాడు, మోకాళ్లు కాయలు కాచేలా చేసేవాడు. చిక్కంతా ప్రార్థన అయ్యాకే. మందిరం కప్పు కురుస్తోందంటే "ప్రార్థన చేద్దాం" అనేవాడు. ఇంకెవరో నిచ్చెన తెచ్చి, పైకెక్కి రేకు సర్దితే, "చూశారా, దేవుడు విన్నాడు" అనేవాడు. నిచ్చెన కూడా పట్టుకునేవాడు కాదు.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. జనవరి ఒకటో తేదీ ఆరాధన అయ్యాక పాస్టరుగారు పళ్లెంలో చీటీలు పోసి తెస్తారు. ఒక్కో చీటీ మీద దేవుడి వాగ్దానం ఒకటి ఉంటుంది. ఇంటికొకటి తీసుకుంటారు. ఆ యేడాదికి ఆ ఇంటి వాగ్దానం అదే. దేవసహాయం తన చీటీని అన్నం మెతుకులతో గోడకు అంటించేవాడు. అలా ముప్పై చీటీలు అంటించాడు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లకంటే ముందు ఆ గోడ చూపించేవాడు.

"ముప్పై వాగ్దానాలూ గోడెక్కాయి. ఒక్కటన్నా కిందికి దిగిందా?" అని అతని భార్య సలోమి సణిగేది.

అది చాలదన్నట్టు ఒక చిన్న డబ్బా నిండా కూడా అలాంటి చీటీలే పెట్టుకున్నాడు. ఏ సందేహం వచ్చినా డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీసేవాడు.

అతనికి కోదండరామయ్యగారి రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని. ఆయన గట్టు మీద నడుస్తుంటే వెనకే గొడుగు పట్టుకుని నడవడం కూడా ఆ పనిలో భాగమే. ఆ చెరువులను ఆనుకునే సమాధుల దిబ్బ ఉండేది. పల్లెలో కన్నుమూసినవాళ్లంతా అక్కడే ఉన్నారు. సలోమి తొలిచూలు బిడ్డ కూడా అక్కడే ఉన్నాడు. పుట్టిన మూడోనాడే పోయాడు. ఈస్టరుకు ముందురోజు పల్లె మొత్తం దిబ్బ మీదికి వెళ్లి సమాధులకు సున్నం వేసుకునేవారు. ఆ బుల్లి సమాధికి మాత్రం సలోమి ఒక్కతే వేసేది. మొగుణ్ణి కూడా కుంచె ముట్టుకోనిచ్చేది కాదు.

ఒక యేడు, ఈస్టరు ఇంకా పది రోజులుందనగా, కోదండరామయ్యగారు ఆ దిబ్బను తవ్వించి కొత్త చెరువు వేస్తారని కబురొచ్చింది. కాగితాల్లో దిబ్బ ఆయన పేరునే ఉంది. నిజానికి యాభై యేళ్ల కిందట ఆయన తండ్రి దాన్ని సమాధుల కోసం పల్లెకు ఇచ్చేశాడు. నాలుగు మూలలా నాలుగు హద్దురాళ్లు పాతించాడు. కాగితం మాత్రం రాయలేదు. ఆ రోజుల్లో మాటే కాగితం. ఆ తర్వాత ఉప్పెనలొచ్చి ఇసుక మేట వేసింది. రాళ్లు కనపడకుండా పోయాయి. రాళ్లు పాతుతుండగా చూసినవాళ్లలో బతికున్నది ఒక్క దేవసహాయమే. అప్పుడతనికి పదేళ్లు.

గురువారం తహసీల్దారుగారు వచ్చి కొలతలు వేస్తారని తెలిసింది. పాస్టరుగారు దేవసహాయం ఇంటికి వచ్చారు.

"పెద్దాయనా, మీరు నోరు విప్పితేనే దిబ్బ నిలుస్తుంది" అన్నారు.

"ప్రార్థన చేద్దాం అయ్యగారూ" అన్నాడు దేవసహాయం.

గురువారం పొద్దున్నే అతను డబ్బా ముందు పెట్టుకు కూర్చున్నాడు. మొదటి చీటీ తీశాడు. భయపడవద్దని ఉంది. "ఇంకొకటి తీస్తే ఖాయమవుతుంది" అన్నాడు. రెండోది తీశాడు. నీ ముందు నేను నడుస్తానని ఉంది. గొంతు సవరించుకుని మూడోది తీశాడు. ధైర్యం తెచ్చుకోమని ఉంది. దేవసహాయానికి చెమటలు పట్టాయి. నాలుగోది తీశాడు. ఊరకే నిలబడి చూడమని ఉంది. అతని ముఖం వెలిగిపోయింది.

"చూశావా సలోమీ, దేవుడు నన్ను ఊరుకోమన్నాడు."

"మరి మొదటి మూడూ ఎవరు పంపారయ్యా, పోస్టుమ్యానా?" అంది సలోమి.

దేవసహాయం డబ్బా మూత పెట్టాడు. తర్వాత మెల్లిగా లోపలున్నది బయటపెట్టాడు.

"నాకు భయంగా ఉందే. చెబితే పని పోతుంది. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు? అయినా ఆ రాళ్లు ఇంకా అక్కడున్నాయో, ఉప్పెనకు కొట్టుకుపోయాయో ఎవరికి తెలుసు? తవ్వితే రాకపోతే నలుగురిలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

సలోమి అరవలేదు. వచ్చి పక్కన కూర్చుంది.

"రాకపోతే ఇద్దరం కలిసి సిగ్గుపడదాం. నువ్వు చెప్పకపోతే మాత్రం ఎల్లుండి పొక్లెయిన్ వస్తుంది. అది నా బిడ్డను తవ్వి గట్టు మీద పోస్తుంది. ముప్పై యేళ్లుగా దేవుడు నీకు మాటిస్తూనే ఉన్నాడు. ఒక్కరోజు ఆ మాట నమ్మినవాడిలా నడువు." ఆ మాట అనేసి లేచి, చెంగు దోపుకుని దిబ్బ వైపు వెళ్లిపోయింది.

ఎండెక్కేసరికి దిబ్బ మీద జనం చేరారు. తహసీల్దారుగారు ఒక నడివయసు ఆవిడ. సర్వేయరు చేత గొలుసు పట్టించి కొలిపించింది. కోదండరామయ్యగారు గొడుగు నీడలో నిలబడ్డారు. ఆ గొడుగు ఎవరి చేతిలో ఉందో వేరే చెప్పాలా?

"కాగితాల ప్రకారం ఇది వీరి భూమే. దీని సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి" అంది తహసీల్దారు.

ఎవరూ కదల్లేదు. సలోమి బిడ్డ సమాధి దగ్గర కూర్చుని ఉంది. మొగుడి వైపు చూడనైనా చూడలేదు. చూసి కళ్లెర్రజేసినా అతను ఓర్చుకునేవాడేమో గానీ, ఆమె తల వంచుకుని ఆ ఇసుకను అరచేత్తో చదును చేస్తూ ఉండటం అతనికి గుండెల్లో గుచ్చుకుంది.

"ప్రభువా, నడుస్తున్నా" అనుకున్నాడు. అంత చిన్న ప్రార్థన అతను జన్మలో చేసి ఉండడు. అడుగు ముందుకు వేశాడు. గొడుగు కూడా అతనితోపాటే వచ్చేసింది. కోదండరామయ్యగారి బట్టతల మీద ఎండ చురుక్కుమంది.

"అమ్మా, నాకు తెలుసు" అన్నాడు దేవసహాయం. "వీరి నాన్న, పెద్దయ్యగారు, దీన్ని మాకిచ్చారు. నా కళ్లముందే రాళ్లు పాతించారు. తట్టతో ఇసుక మోసింది నేనే."

"రాళ్లు ఎక్కడున్నాయి?"

అతను నాలుగు వైపులా చూశాడు. అంతా ఇసుకే. ఆ రోజు రాతి మీద నిలబడితే ఏటి మలుపు సూటిగా కనపడింది. ఆ ఒక్కటీ గుర్తుంది. మలుపు కనపడేదాకా నడిచి, "ఇక్కడ తవ్వండి" అన్నాడు.

నడుం లోతు తవ్వారు. ఏమీ లేదు.

"ముసలాడికి ఎండ దెబ్బ తగిలినట్టుంది" అన్నారు కోదండరామయ్యగారు. ఎవరో నవ్వారు. దేవసహాయానికి ఇంటికెళ్లి తలుపేసుకోవాలనిపించింది. కానీ వేసిన అడుగు వెనక్కి తియ్యలేదు.

"ఇంకో మూరెడు" అన్నాడు.

ఇంకో మూరెడు తవ్వారు. గునపం ఖంగుమంది.

రాయి బయటపడింది. దాని మీద చక్రం గుర్తు ఉంది. కోదండరామయ్యగారి ఇంటి ధాన్యం బస్తాల మీద తాతల నాటి నుంచీ వేసే గుర్తే అది. ఆయన వంగి ఆ గుర్తు మీద ఇసుక తుడిచారు.

"మా నాన్న పాతిన రాయిని నేను పీకను. దిబ్బ మీది, మీ పేరునే రాసుకోండి" అన్నారు చివరికి. తర్వాత దేవసహాయం వైపు తిరిగి చెయ్యి చాపారు. "ఆ గొడుగు ఇలా ఇవ్వు. రేపటి నుంచి నేనే పట్టుకుంటాను."

అంటే పని పోయిందన్నమాట. కథ కదా అని నేను దాచను. మళ్లీ పని దొరకడానికి రెండు నెలలు పట్టింది, అదీ రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో. కానీ ఆ రెండు నెలలూ వాళ్లు పస్తులుండలేదు. ఆ పల్లె ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం దేవుడికని వేరే కుండలో వేసి, ఆదివారం మందిరానికి తెస్తారు. సలోమి కూడా ముప్పై యేళ్లు అలాగే వేసింది. ఆ రెండు నెలలూ పల్లెవాళ్ల గుప్పెళ్లన్నీ వాళ్ల గుమ్మంలోకి వచ్చాయి. ఏం తింటామని ఆ పొద్దున భయపడ్డ మనిషి, ఆ అన్నం ముందు కూర్చుని ఏడ్చేశాడు.

కొలతలైన రెండో రోజే, ఈస్టరుకు ముందురోజు, ఎప్పటిలాగే అందరూ దిబ్బ మీదికి సున్నం బకెట్లతో వచ్చారు. దేవసహాయం ఎప్పటిలాగే భార్యకు నాలుగడుగుల దూరంలో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సలోమి కుంచె సున్నంలో ముంచింది. ఆ బుల్లి సమాధి వైపు చూసింది. తర్వాత కుంచె అతని ముందుకు చాపింది.

"ఈసారి నువ్వెయ్యి" అంది.

పిల్లలూ, దేవుడి వాగ్దానం గోడకు అంటించుకోవడానికి కాదు. ఆయన తోడుంటాడని నమ్మి, ముందేముందో కనపడకపోయినా ధైర్యంగా అడుగు వెయ్యడమే విశ్వాసం.