దీనమ్మ వేసుకున్న తళుకు దండ

ఊళ్ళో పాత పెంకుల చర్చి ఇంకా పడగొట్టని రోజులవి. ఆదివారం పొద్దున్నే ఆడవాళ్ళు నేత చీరల కొంగులు తలమీదుగా కప్పుకుని, చలికి ముడుచుకుంటూ ఆరాధనకు వచ్చేవారు. చర్చి వెనక పెరట్లో తిరిగే కోళ్ళకు లోపలి మాటలన్నీ కిటికీలోంచి వినపడేవి. నిండుగా, శుభ్రంగా రండమ్మా, మనల్ని చూసినవాళ్ళకు మన చీర కాదు, దేవుడు గుర్తుండాలి అని పాస్టరమ్మగారు ఆడపిల్లలకు చెబుతుంటే, సలోమి అనే ముసలి పెట్ట కళ్ళు మూసుకుని తలూపేది.

సలోమి కూతురే దీనమ్మ. తల్లి పోయిన ఏడాదే అది తొలిసారి గుడ్లు పొదిగి పిల్లల్ని లేపింది. దాని ఈకలు ఎండుగడ్డి రంగు. పుంజు ఒంటిమీది ఎరుపూ పసుపూ చూసినప్పుడల్లా దానికి చిన్నతనంగా ఉండేది.

క్రిస్మస్ అయిపోయాక చర్చిలో కట్టిన తళుకు దండల్ని తీసి కంచె అవతల పారేశారు. తుమ్మ పొదల్లో ఉండే నక్క అందులోంచి ఒకటి నోట కరచుకుని కంచె దగ్గరికి వచ్చింది. కోడిపిల్లలు దూరగలిగే సందులు ఆ కంచెకు ఉన్నాయి. నక్క దూరగలిగేవి లేవు.

"ఇంత చక్కనిదానివి, ఈ ఎండుగడ్డి ఈకల్లో ఎవరికి కనపడతావమ్మా?" అంది నక్క.

దీనమ్మ మెడ చాపింది. ఆ సందులోంచి పెట్టను బయటికి లాగలేనని తెలిసి, పిల్లల మీద కన్నేసిన నక్క మూతి మాత్రం లోపల పెట్టి దండను మెడకూ రెక్కలకూ చుట్టింది. దీనమ్మ నీళ్ళ తొట్టిలో తనను చూసుకుని మురిసిపోయింది. మాసిపోతుందని ఆ రోజంతా పెంట గీకలేదు. పిల్లలకు పురుగులు దొరకలేదు.

సాయంత్రం సన్నగా వాన మొదలైంది. పిల్లలు వణుకుతూ తల్లి దగ్గరికి పరుగెత్తాయి. దీనమ్మ రెక్కలు విప్పింది. దండలోని తీగ మొనలు పిల్లలకు గుచ్చుకున్నాయి. గరగరమనే చప్పుడుకు బెదిరి అవి ఒక్కొక్కటే బయటికొచ్చి, తడవని చోటు వెతుక్కుంటూ కంచె సందుల వైపు నడిచాయి. అవతల నక్క నోరు తెరుచుకుని కూర్చుంది.

అప్పుడర్థమైంది దీనమ్మకు. ఇలాంటి వానల్లోనే తను తల్లి రెక్క కింద దూరేది. ఆ మట్టి వాసన, ఆ వెచ్చదనం, చర్చి లోపలినుంచి సన్నగా వినపడే కీర్తన. సలోమి ఈకలు ఏ రంగువో ఆ చీకట్లో తనకెప్పుడూ తోచనేలేదు. ముక్కుతో దండను లాగింది. దాంతోపాటు నాలుగు ఈకలూ ఊడొచ్చాయి. నొప్పి లెక్కచేయకుండా క్లక్ క్లక్ మని పిలిచింది. ఎరిగిన గొంతు, ఎరిగిన రెక్కలు. పిల్లలు వెనక్కి తిరిగి ఒక్క పరుగున వచ్చి లోపల దూరాయి. నక్క పళ్ళు గాలిని కొరికాయి.

తెల్లారి నక్క ఏమీ ఎరగనట్టు వచ్చి, దండ ఎందుకు తీసేశావని పరామర్శించింది.

దీనమ్మ నెమ్మదిగా అంది, "ఇది నాకు నప్పలేదు మామా. నీ నిగనిగలాడే మెడకైతే రాజులా ఉంటావు."

నక్క ఒళ్ళు పొంగిపోయింది. తనే మెడ వంచింది. దీనమ్మ సందులోంచి దండను రెండు చుట్లు చుట్టి, తీగ కొసలు గట్టిగా మెలిపెట్టింది.

ఆ తర్వాత నక్క ఎటు వెళ్ళినా గరగర, తళతళ. బాతులు చెరువులోకి దిగేవి, గిన్నీ కోళ్ళు చెట్టెక్కేవి, కుక్కలు ఎదురొచ్చేవి. కాళ్ళతో ఎంత గీరుకున్నా దండ ఊడలేదు. ఆ చలికాలమంతా నక్క తుమ్మ కాయలు నములుతూ, కంచె అవతల రెక్కల కింద నిద్రపోయే పిల్లల్ని చూస్తూ గడిపింది.

అక్కున చేర్చుకునే ప్రేమకు అడ్డురాని బట్టే దేవుడు మెచ్చే అలంకారం.