వెండి తొట్టిలో గంగవాయిలి

రాజుగారి తోటాధికారి భీమశంకరుడు సముద్రం అవతలి అపురూపమైన తీగంటూ ఒక మొక్కని నీడపట్టున వెండి తొట్టిలో నాటించి, పూటపూటకీ పాలు పోయించాడు. నెల తిరక్కుండానే అది కుళ్లింది.

"ఈ తోటపనిమనిషి నూకాలు చెయ్యి మంచిది కాదు, ప్రభూ! దేశం నుంచి వెళ్లగొట్టండి" అన్నాడు.

"పక్షం రోజులు గడువివ్వండి" అంది నూకాలు. అందరూ చూస్తుండగా కుళ్లని కాడొకటి తుంచి, ఎర్రటెండలో బాట పక్క ఇసుకలో పారేసింది.

గడువు నాటికి అది చాపలా పరుచుకుని, పసుప్పచ్చగా పూసింది.

"ఏమిటిది?" అన్నాడు రాజు.

"గంగవాయిలి కూర, ప్రభూ. మేం పప్పులో వేసుకుంటాం. పీకి పారేసినా బతుకుతుంది, ముద్దు చేస్తేనే చస్తుంది."

రాజు అధికారి వంక చూశాడు. "మరి ఈయన్నేం చెయ్యమంటావు?"

"ఆయనా నీడపట్టున పెరిగినవారే, ప్రభూ. కొన్నాళ్లు ఎండలో వదిలెయ్యండి, తేరుకుంటారు."